నలుగురికి ఒక లాప్‌టాప్ - ఏ ప్రాసెసర్ కొనాలి?

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని సంపాదకవర్గం తమ్ముళ్ళు మా రూముకి మూడుసార్లు వచ్చారు. అమ్మ మీద కవితలు, హాస్టల్ మీద పాటలు, మెస్ మీద జోకులు రాసేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. ఈ ఏడు కూడా ఉన్నారు. వాళ్ళతో పోటీ పడే శక్తి మాకు లేదు. కానీ మేము లాప్‌టాప్ కొన్నప్పటి నుంచి మా తలుపు తట్టిన ప్రతి జూనియరూ ఒకటే అడుగుతున్నాడు. "అన్నా, లాప్‌టాప్ కొంటున్నం. ఈ ప్రాసెసర్ మంచిదా, ఆ ప్రాసెసర్ మంచిదా? గేములు ఆడతది గదా?" ఆ చివరి ముక్క మాత్రం గొంతు తగ్గించి అడుగుతారు, వరండాలో వార్డెన్ సారు ఉన్నట్టు! విడివిడిగా చెప్పీ చెప్పీ అలసిపోయాం కాబట్టి ఇక్కడ అందరికీ కలిపి రాస్తున్నాం.

మేము అంటే నలుగురం. ఎంసీఏ చివరి సంవత్సరం. హాస్టల్లో మాకు పేర్లు లేవు, జిల్లాలే ఉన్నాయి: పాలమూరు, ఖమ్మం, జనగామ, నల్లగొండ. ఇది రాస్తున్న ఇరవై మూడేళ్ళ చెయ్యి నల్లగొండది, మాట మాత్రం నలుగురిదీ. మా నాలుగిళ్ళలోనూ డిగ్రీ పట్టా మాతోనే మొదలు. నల్లగొండ వాళ్ళ నాన్న మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీ. మిగతా ముగ్గురి ఇళ్ళూ కూలి మీద, కౌలు మీద నడిచేవే. ఇంట్లో కంప్యూటర్ గురించి అడగడానికి ఎవరూ లేరన్న సంగతి ఈ పత్రిక చదివేవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

2024 సెప్టెంబరులో మా దగ్గర పోగైంది 58 వేలు. ఖమ్మం వాడివి 22 వేలు, రెండు వేసవులు గ్రానైట్ యూనిట్లో పని చేసినవి. జనగామ వాళ్ళమ్మ మహిళా సంఘంలో తీసుకున్న అప్పులోంచి 15 వేలు పంపింది. మిగిలిన 21 వేలు పాలమూరు, నల్లగొండ ఇద్దరం పెళ్ళిళ్ళ సీజనంతా క్యాటరింగ్‌కు వెళ్ళి తెచ్చినవి. రాత్రి ఒంటిగంటకు ఎంగిలి ప్లేట్లు ఎత్తి, తెల్లారి క్లాసులో కునికిపాట్లు పడి సంపాదించిన డబ్బు అది. ఇది పోతే మళ్ళీ రాదు. అందుకే ఒక్క ప్రాసెసర్ గురించి మూడు వారాలు తిరిగాం.

డబ్బు పంపిన రోజు జనగామ వాళ్ళమ్మ ఫోన్లో అడిగింది, "గేముల కోసమా బిడ్డా?" అని. మా రూములో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. చివరికి వాడే చెప్పాడు, "ప్రాజెక్టులకమ్మా. ఆడుకుంటం గూడ." ఆమె కోప్పడలేదు. "మంచిగ చూసి తీసుకోండ్రి. మల్ల కొనలేం గద" అన్నది. ఆ మాట మూడు వారాలూ మా వెంటే తిరిగింది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల మెట్లెక్కి దిగాం. ఒక దుకాణంలో మమ్మల్ని చూడగానే "స్టూడెంట్సా? ఇదిగో స్టూడెంట్ లాప్‌టాప్" అని ఒక సన్నని మిషను ముందు పెట్టారు. దాంట్లో ప్రాసెసర్ ఐ5-1235యు. "గేములు?" అని అడిగితే, "అన్నీ ఆడతాయి తమ్ముడూ, పది కోర్లు. మీరు అడిగే ఐ5-12450హెచ్‌లో ఎనిమిదే ఉన్నాయి" అన్నారు. అబద్ధం కాదు. తమ్ముళ్ళూ, ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

ఈ రెండూ ఇంటెల్ కంపెనీ 2022లో విడుదల చేసిన 12వ తరం ప్రాసెసర్లే. రెండింటికీ 12 థ్రెడ్లు. రెండింటి గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్. రెండింటికీ 12 ఎంబీ క్యాష్. డబ్బా మీద రాసింది చదివితే కవల పిల్లల్లా ఉంటాయి. అయితే ఆ తరం నుంచి లాప్‌టాప్ ప్రాసెసర్లలో రెండు రకాల కోర్లు కలిపి పెడుతున్నారు: బరువు పని చేసే పెద్ద కోర్లు, తక్కువ కరెంటుతో చిల్లర పని చేసే చిన్న కోర్లు. 1235యులో పెద్దవి 2, చిన్నవి 8. 12450హెచ్‌లో పెద్దవి 4, చిన్నవి 4. మొత్తం లెక్కపెడితే మొదటిదే గెలుస్తుంది. ఆటలో బరువు పడేది మాత్రం పెద్ద కోర్ల మీద. మిల్లులో బస్తాకు పదిమంది పిల్లలు చెయ్యి వేసినా లారీ నిండదని నల్లగొండ వాళ్ళ నాన్నకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకా పెద్ద తేడా చివరి అక్షరంలో ఉంది. 'యు' అంటే మూల విద్యుత్తు 15 వాట్లు. 'హెచ్' అంటే 45 వాట్లు. 4.4 గిగాహెర్ట్జ్ రెండూ అందుకుంటాయి, కానీ ఎంతసేపు ఆ వేగం మీద నిలబడతాయన్నది ఈ వాట్లను బట్టే ఉంటుంది. సెమినార్ పేపర్ టైపు చేసుకోవడానికి, సినిమా చూడటానికి, బ్యాటరీ ఎక్కువసేపు రావడానికి 'యు' మంచిదే, దాన్ని తీసిపారేయడం లేదు. గంటసేపు ఆట ఆడాలంటే మాత్రం 'హెచ్' అక్షరం చూడకుండా డబ్బు తీయకండి.

ఇక 'హెచ్' రకంలోనే మాకు అసలు తగువు వచ్చింది. మా డబ్బుకు అందేవి రెండు తేలాయి. ఒకటి 56 వేలు: ఐ5-12500హెచ్ ప్రాసెసర్, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 2050 గ్రాఫిక్స్. రెండోది 55,500: ఐ5-12450హెచ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ 4 జీబీ. అంటే ఒకదాంట్లో ప్రాసెసర్ ఒక మెట్టు పైన, ఇంకోదాంట్లో గ్రాఫిక్స్ ఒక మెట్టు పైన. తేడా అయిదు వందలు.

ఖమ్మం వాడు 12500హెచ్ కావాలన్నాడు. వాడి వాదనలో బలం ఉంది. దాంట్లో పెద్ద కోర్లు 4, చిన్నవి 8, మొత్తం 12. థ్రెడ్లు 16, క్యాష్ 18 ఎంబీ. వాడు చేసేది ఆండ్రాయిడ్ ప్రాజెక్టు. ప్రోగ్రాము బిల్డ్ చేసేటప్పుడు పని ముక్కలు ముక్కలై అన్ని కోర్లకూ పంచబడుతుంది కాబట్టి అక్కడ చిన్న కోర్లు కూడా అక్కరకొస్తాయి. పైగా డబ్బులో పెద్ద వాటా వాడిదే. "22 వేలు పెట్టినోడి మాటకు విలువ లేదా?" అని వాడు అడగలేదు. అడగకపోవడమే మాకు ఎక్కువ బరువైంది. రెండు రోజులు రూములో మాటలు తగ్గిపోయాయి.

అప్పుడు గుర్తొచ్చాడు మన హాస్టల్ పాత విద్యార్థి అన్న ఒకరు. లాప్‌టాప్‌ల రిపేరు షాపులో పని చేస్తున్నారు. (పేరు వద్దన్నారు, టీ డబ్బులు కూడా వద్దన్నారు.) ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి మన మెస్ భాషలో చెప్పారు.

"ఆదివారం చికెన్ లైను గుర్తుందా? వంటశాల ప్రాసెసర్. వడ్డించే బల్ల గ్రాఫిక్స్ చిప్. ఆటలో ఎవడు ఎక్కడున్నాడు, తూటా తగిలిందా లేదా, తలుపు తెరుచుకుందా - ఇవన్నీ లెక్క కట్టి ప్రతి బొమ్మకూ సరుకు సిద్ధం చేసేది వంటశాల. ఆ బొమ్మను గీసి తెర మీద వేసేది బల్ల. సెకనుకు 60 బొమ్మలు రావాలంటే ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు. 144 హెర్ట్జ్ తెర నిండాలంటే ఒక్కోదానికి 7 మిల్లీసెకన్లు గూడ లేవు. ఇద్దర్లో ఎవడు ఆలస్యం చేస్తే వాడి వేగమే లైను వేగం."

పెద్ద పెద్ద బొమ్మలున్న ఆటల్లో, ఉదాహరణకు సైబర్‌పంక్ 2077లో, మా ధర లాప్‌టాప్‌లో ఆగేది వడ్డన దగ్గరే. వంటశాలలో ఇంకో నలుగురు చిన్న సహాయకులను పెట్టినా లైను కదలదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి వాటిని సెట్టింగులు తగ్గించి ఆడితే కథ తిరగబడుతుంది. వడ్డన సులువు, బరువు వంటశాల మీద. అయితే అక్కడ కూడా పని ఎక్కువగా ఇద్దరు ముగ్గురు పెద్ద వంటవాళ్ళ చేతి వేగం మీదే నడుస్తుంది. ఆ వేగం 12500హెచ్‌లో 4.5 గిగాహెర్ట్జ్, 12450హెచ్‌లో 4.4. క్యాష్ మాత్రం 18కి 12. క్యాష్ అంటే వంటమనిషి చేతికందే పోపుల డబ్బా, పెద్దదైతే స్టోరు రూముకు తిరిగే పని తగ్గుతుంది. కాబట్టి 12500హెచ్‌కు ఆటల్లో కొంత మొగ్గు ఉంటుంది, లేదనం. మరి ఆ మొగ్గు కోసం వడ్డన బల్లను చిన్నది చేసుకోవచ్చా అన్నదే ప్రశ్న.

ఆర్‌టీఎక్స్ 2050, 3050 4 జీబీ రెండింటిలోనూ లెక్కలు చేసే సూడా కోర్లు 2048 చొప్పున సమానం. మెమరీ కూడా 4 జీబీ చొప్పున సమానం. కానీ ఆ మెమరీకి దారి 2050లో 64 బిట్లు, 3050లో 128 బిట్లు. అంటే బల్ల అంతే, గంటెలు అన్నే, వంటశాల నుంచి గిన్నెలు తెచ్చే సందు మాత్రం సగం వెడల్పు. ఇది డబ్బా మీద రాసి ఉండదు, ఏ దుకాణంలోనూ మాకు చెప్పలేదు. 3050లో కూడా ఒక తిరకాసు ఉంది. తయారీదారు దానికి 35 వాట్ల నుంచి 80 వాట్ల దాకా ఎంతైనా ఇవ్వొచ్చు. పేరు ఒకటే, పని వేరు. మేము చూసిన మోడల్లో ఎన్ని వాట్లో తెలుసుకున్నాకే ముందుకు వెళ్ళాం.

అన్న మాకు చూపించిన ఇంకొక సంగతి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. వాళ్ళ షాపులో అమ్మకానికి పెట్టిన పాత లాప్‌టాప్‌లు రెండున్నాయి. రెండింటిలోనూ అదే ఐ5-12450హెచ్. ఒకటి సన్నగా అందంగా ఉంది, ఒకటే ఫ్యాను. రెండోది ఇటుకలా లావుగా, రెండు ఫ్యాన్లతో. రెండింటికీ చార్జర్ పెట్టి జీటీఏ 5 నడిపించారు. మొదటి రెండు నిమిషాలు రెండూ 4 గిగాహెర్ట్జ్ పైనే పరుగెత్తాయి. పాలమూరు వాడు "రెండూ ఒకటేనన్నా" అన్నాడు కూడా. "ఆగు, చాయ్ తాగి వద్దాం" అన్నారు అన్న. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి చూస్తే లావుది ఇంకా అదే ఊపులో ఉంది, సన్నది చెయ్యి పెట్టలేనంత కాలి 3 గిగాహెర్ట్జ్ కిందికి జారింది. కారు మలుపు తిప్పితే బొమ్మ తడబడుతోంది. ఒకే ప్రాసెసర్, రెండు ఒళ్ళు! 12450హెచ్‌కూ 12500హెచ్‌కూ మధ్య మేము రెండు రోజులు మాటలు మానుకున్న తేడా కంటే ఈ తేడా ఎంతో పెద్దది.

రైజెన్ గురించి అడిగేవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి అదీ చెబుతాం. ఏఎండీ కంపెనీ 2023 మోడళ్ళకు పెట్టిన నాలుగంకెల పేర్లలో మొదటి అంకె విడుదల చేసిన ఏడాది గుర్తు, ప్రాసెసర్ లోపలి నిర్మాణం మూడో అంకెలో ఉంటుంది. రైజెన్ 5 7520యు పేరు చూసి కొత్తదనుకుంటారు. మూడో అంకె 2, అంటే 2019లో వచ్చిన జెన్ 2 నిర్మాణం, నాలుగే కోర్లు. రైజెన్ 5 7535హెచ్ఎస్‌లో మూడో అంకె 3, లోపల ఉన్నది జెన్ 3 ప్లస్, 6 కోర్లు, 12 థ్రెడ్లు. 2021లో వచ్చిన రైజెన్ 5 5600హెచ్ జెన్ 3, అదీ 6 కోర్లు, 12 థ్రెడ్లు, 16 ఎంబీ క్యాషే. 5600 నుంచి 7535కు రెండు వేల మెట్లు ఎక్కినట్టు కనిపిస్తుంది గానీ ఎక్కింది చిన్న గడప. 5600హెచ్ ఉన్న లాప్‌టాప్ మంచి గ్రాఫిక్స్‌తో తక్కువ ధరకు దొరికితే పేరు పాతదని వదలొద్దు. మేము చూసిన రోజు మాకు అలాంటిది దొరకలేదు, అంతే.

చివరికి 12450హెచ్, 3050 ఉన్నదే తీసుకున్నాం. ఖమ్మం వాడే ఒప్పుకుని వచ్చాడు. షాపులో సన్న మిషను కాలిపోవడం చూశాక వాడు అన్నది ఒకటే: "బిల్డ్ కావడానికి నాలుగు నిమిషాలు ఎక్కువైతే నేను ఆగుతానురా. మీ గేము మధ్యలో ఆగితే మీరు ఆగరు." నవ్వాం గానీ, వాడు ఆ రోజు వదులుకున్నది మాకు తెలుసు. అందుకే ఉదయం 5 నుంచి 8 దాకా మిషను వాడిదే అని గోడ మీద రాసి పెట్టాం. ఇప్పటికీ ఆ టైములో ఎవరూ ముట్టరు.

కొన్న మిషనులో 8 జీబీ ర్యామ్ ఒకే ముక్కగా వచ్చింది. స్టోరు రూముకు ఒకటే తలుపు అన్నమాట. 1,800 పెట్టి ఇంకో 8 జీబీ ముక్క రెండో గాడిలో వేయించాం. రెండు తలుపులూ తెరుచుకున్నాయి. ఖమ్మం వాడి ఎమ్యులేటర్‌కు దీనివల్ల కలిగిన సుఖం ఎనిమిది కొత్త కోర్లు వచ్చినా కలిగేది కాదని వాడే అంటాడు. ఆటలోనూ అంతకుముందు మధ్యమధ్యలో వచ్చే తడబాటు తగ్గింది. ఒకే ముక్కతో వచ్చే లాప్‌టాప్ కొంటే, పై ప్రాసెసర్ కోసం దాచిన డబ్బు ముందు ఇక్కడ పెట్టండి. అయితే కొనేముందు లోపల రెండో గాడి ఉందో లేదో తప్పకుండా అడగండి, కొన్నింటిలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది. మిగిలిన ఏడు వందలకు మౌసు, మ్యాటు.

చార్జర్ తీసేసి ఆడితే ఏ ప్రాసెసరైనా నీరసపడుతుంది, బ్యాటరీ అంత విద్యుత్తు ఇవ్వలేదు. మన రూముల్లో పనిచేసే ప్లగ్గు ఒక్కటే కాబట్టి దీని గురించి ముందే ఒప్పందం చేసుకోండి. మే నెలలో మా పై అంతస్తు రూములో లాప్‌టాప్ కూడా మనలాగే చెమటోడుస్తుంది. వెనకవైపు రెండు పాత రికార్డు పుస్తకాలు పెట్టి ఎత్తుతాం, గాలి ఆడుతుంది. మంచం మీద దుప్పటి పరిచి దాని మీద పెట్టి ఆడేవాళ్ళను పాలమూరు వాడు ఊరుకోడు.

ఆట సంగతి కూడా చెప్పాలి. రాత్రి 9 నుంచి 10:30 దాకా వాలరెంట్. గేమింగ్ సెంటర్‌కు వెళ్తే గంటకింత అని కట్టాలి, చేతిలో చిల్లర లెక్క చూసుకుంటూ ఆడాలి. ఇప్పుడు ఆ లెక్క లేదు. ఒకడు ఆడుతుంటే ముగ్గురు వెనక నిలబడి అరుస్తారు, పక్క రూముల వాళ్ళు తలుపు దగ్గర నిలబడతారు. ఒకరోజు వార్డెన్ సారు వచ్చి, "ఇది ప్రాజెక్టా?" అని అడిగారు. "కాదు సార్, గేము" అని చెప్పాం. ఆయన అయిదు నిమిషాలు చూసి, "ఆ మూలన ఉన్నోడు కనబడలేదారా?" అని వెళ్ళిపోయారు.

జనగామ వాళ్ళమ్మ అప్పు పది నెలల్లో తీరింది, వాయిదాలు నలుగురం పంచుకున్నాం. ఎంసీఏ అయ్యాక మిషను ఎవరిది అన్నది కూడా తేల్చుకున్నాం: నలుగురిలో ఉద్యోగం ఎవరికి చివర వస్తే వాడి దగ్గర ఉంటుంది.

పోయిన వారం డిగ్రీ మొదటి సంవత్సరం తమ్ముడు ఒకడు వచ్చాడు. "అన్నా, కోర్ 5 210హెచ్ అని కొత్తది చూపించిండ్రు. 13420హెచ్ పాతదట. కొత్తదానికి ఎనిమిది వేలు ఎక్కువ" అన్నాడు. ఇంటెల్ సైటు తెరిచి వాడిచేతే చదివించాం. 2022 నాటి మా 12450హెచ్: పెద్ద కోర్లు 4, చిన్నవి 4, థ్రెడ్లు 12, క్యాష్ 12 ఎంబీ, 4.4 గిగాహెర్ట్జ్. 2023 నాటి 13420హెచ్: 4, 4, 12, 12 ఎంబీ, 4.6. 2025లో వచ్చిన కోర్ 5 210హెచ్: 4, 4, 12, 12 ఎంబీ, 4.8. వాడు మూడూ నోటుబుక్కులో కిందకిందుగా రాసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత అడిగాడు, "మరి ఎనిమిది వేలు దేనికన్నా?" అని. గ్రాఫిక్స్ ఏది, దానికి వాట్లు ఎన్ని, ర్యామ్ ఎన్ని ముక్కలు, ఫ్యాన్లు ఎన్ని అని ఆ రెండు మోడళ్ళకూ కనుక్కుని రమ్మన్నాం.

ఆదివారం పాలమూరును వెంట తీసుకుని పార్క్‌లేన్‌కు వెళ్తున్నాడు. ఇరవై నిమిషాలు నడిపించి చూపిస్తేనే కొంటామని దుకాణంవాళ్ళకు ఫోన్లో ముందే చెప్పాడట.